సమస్య: "దయ్య మున్న యింట ధైర్య మొదవు" (హారర్ చదివేవాళ్ళ పూరణలు, ముచ్చట్లు)

నిర్వాహకుడు:
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం, ఇదిగో:

దయ్య మున్న యింట ధైర్య మొదవు

ఐదూ సూర్యగణాలే. దయ్య, మున్న, యింట, ధైర్య, మొదవు. ద కి ధై తో యతి. కొత్తవాళ్ళ కోసం ఇంకొక్క మాట, ఒకటి మూడు పాదాల్లో మూడు సూర్యగణాల తర్వాత రెండు ఇంద్రగణాలు రావాలి, యతి ఎక్కడైనా నాలుగో గణం మొదటి అక్షరమే, ప్రాస అక్కర్లేదు, ప్రాసయతి వేసుకోవచ్చు.

షరతు ఒక్కటే. ఈమధ్య మీరు చదువుతున్న భయం పుస్తకం ఏదో పూరణలోకి రావాలి, పద్యం కింద దాని మీద మీ అభిప్రాయం నాలుగు ముక్కలు రాయాలి. చూసినవి కాదు, చదివినవి. సినిమాలో ఒక్కసారిగా సౌండ్ పెంచి ఉలిక్కిపడేట్టు చేస్తారు, పుస్తకానికి ఆ వెసులుబాటు లేదు, అక్షరాలతోనే వెన్ను జలదరించాలి. పద్యమూ అంతే కదా, నాలుగు పాదాల్లో భయం భయం అని మూడుసార్లు అన్నా ఎవరికీ ఏమీ కాదు, ఏదో ఒక్క వస్తువు కళ్ళ ముందు పెట్టాలి, ఒక అద్దమో ఒక తలుపు గడియో. నేను ఈసారి అన్నిటినీ ఆ కంటితోనే చూస్తాను, ముందే చెప్తున్నా.

గోదారిగట్టు:
మాస్టారూ, నేను డ్రాకులా మళ్ళీ మొదలుపెట్టా, ఇంటర్‌లో ఒకసారి సంక్షిప్తంగా చదివాను గానీ పూర్తి పుస్తకం ఇదే మొదటిసారి. 1897 నాటిది ఇంకా ఇంత బిగువుగా ఉంటుందనుకోలేదు. నా పూరణ:

అద్దమందు లేదు ఆతని ప్రతిబింబ
మనుచు వ్రాసినాడు మసక వెలుగు
నందు నొక్కరుండు, నాకది చదువంగ
దయ్య మున్న యింట ధైర్య మొదవు

హార్కర్ అనే అతిథి కౌంట్ డ్రాకులా కోటలో గడ్డం గీసుకుంటుంటే వెనకనుంచి ఆ కౌంట్ వచ్చి భుజం మీద చెయ్యేస్తాడు చూడండి, అద్దంలో గది మొత్తం కనపడుతుంది, మనిషి మాత్రం కనపడడు, ఉలికిపాటుకి గడ్డం తెగుతుంది, కౌంట్ ఆ అద్దం తీసి కిటికీలోంచి విసిరేస్తాడు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి కాసేపు బాల్కనీలో నిలబడ్డా.

నిర్వాహకుడు:
మంచి చోట పట్టుకున్నారు. గణాలు, యతులు అన్నీ సరిగానే పడ్డాయి, ఒక్క మొదటి పాదంలోనే "లేదు ఆతని" అని విడిగా ఉంచేశారు, అక్కడ ఉత్వసంధి నిత్యం, "లేదాతని" అయి తీరుతుంది, అయితే గణం పోతుంది. ఇలా మార్చి చూడండి:

అద్దమందు గానమాతని ప్రతిబింబ

కానము, ఆతని కలిసి "కానమాతని". పైకి మా కనపడుతున్నా లోపల ఉన్నది ఆ కాబట్టి అ తో స్వరయతి చెల్లుతుంది.

ఇక అర్థానికి వస్తే, చదివితే ధైర్యం ఎందుకొస్తోందో పద్యంలో ఇంకొంచెం తెలియాలి. పుస్తకంలో దానికి జవాబుంది. హార్కర్ ఆ కోటలో మతి తప్పకుండా నిలబడ్డది రాసుకోవడం వల్లే, షార్ట్‌హ్యాండ్‌లో రోజూ రాస్తాడు. తర్వాత అతని భార్య మీనా ఆ డైరీలు, ఉత్తరాలు అన్నీ టైపు చేసి వరసలో పెడుతుంది, తలా ఒక ముక్క తెలిసినవాళ్ళందరికీ అప్పుడే మొత్తం అర్థమవుతుంది. శిలువలూ వెల్లుల్లీ అందరికీ గుర్తుంటాయి, నన్నడిగితే ఆ పుస్తకంలో దయ్యాన్ని పట్టిచ్చింది టైప్‌రైటర్. మీ పద్యంలో "వ్రాసినాడు" అన్న మాట సరిగ్గా అక్కడే పడింది, మీకు తెలిసి వేశారో తెలియక వేశారో.

గోదారిగట్టు:
తెలియకే వేశాను మాస్టారూ, ఇప్పుడు మీనా భాగం మళ్ళీ చదువుతా.

ఓరుగల్లు పోరడు:
అన్నా, నాది విరుపు పూరణ. నేను గీ వారం పాత కథల సంపుటం ఒకటి చదివిన, అండ్ల మూడు కోరికలు తీర్చే కోతిచెయ్యి కథ ఉంది, 1902ది.

లైటు తీయకుండ రాత్రంత చదివితి
పేజి తిప్ప గుండె పీచుమనియె
తెల్లవారె, నింక దిగులను మాటె లే
దయ్య! మున్న యింట ధైర్య మొదవు

మూడో పాదం చివర లే, నాలుగో పాదం మొదట్ల దయ్య, రెండు కలిపితే "లేదయ్య". కథైతే అన్నా, కొడుకు మిషన్ల పడి సచ్చిపోతడు, తల్లి బలవంతం మీద తండ్రి రెండో కోరిక కోరుతడు వాడు మళ్ళ బతకాలెనని, అర్ధరాత్రి తలుపు కొడ్తరు. ఆమె కుర్చీ ఎక్కి పైగడియ తీస్తుంటది, తండ్రి చీకట్ల నేల మీద ఆ కోతిచెయ్యి దేవులాడ్తుంటడు, మూడో కోరిక కోరెతందుకు. బయట ఎవరున్నరో ఒక్క అక్షరం రాయలే. నేను మస్తు రక్తం కారే నవలలు చదివిన గని గా గడియ చప్పుడంత భయం దేనికీ కాలే.

నిర్వాహకుడు:
తమ్ముడూ, విరుపు భేష్. అవధానంలో పృచ్ఛకుడు ఇలాంటిదానికే ముందు తలూపుతాడు. లై కి రా తో యతి వేశావు, ర, ల లకు అభేదం, ఐ కి ఆ కి చెల్లు, అది తెలిసి వేసినట్టే ఉంది. "మున్న" మాత్రం గాల్లో వేలాడుతోంది, దేనికంటే మున్న అని చదివినవాడు అడుగుతాడు. ఇంకోటి, విరుపుతో దయ్యాన్ని పద్యంలోంచి పంపించేశావు. మామూలు సభలో అది చమత్కారమే, ఇక్కడ మాత్రం దయ్యం ఉంటేనే నాకిష్టం. నువ్వు కింద వచనంలో రాసిన ఆ పైగడియ పద్యంలోకి వచ్చుంటే ఎంత బాగుండేది! ఇంకోటి రాయి, అది గడియ మీద రాయి.

మంచుకొండ:
నమస్తే అండీ, నాకు ఛందస్సు కొత్త, తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను. మేముండేది మిన్నియాపొలిస్‌లో, బయట మోకాలి లోతు మంచు, నేనేమో షైనింగ్ చదువుతున్నాను, స్టీఫెన్ కింగ్ 1977లో రాసింది.

మంచు కురియు వేళ కొండ హోటల్లోన
కావలుండ వచ్చె కాపురంబు
తండ్రియే పిశాచి, తనయుని కేరీతి
దయ్య మున్న యింట ధైర్య మొదవు

సినిమా చూసి పుస్తకం తెలుసు అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ అంతే. పుస్తకంలో గొడ్డలి లేదు, ఒక ఆటకి వాడే కొయ్యసుత్తి ఉంది, జంతువుల ఆకారంలో కత్తిరించిన పొదలు ఉన్నాయి, చూపు తిప్పుకున్నప్పుడల్లా అవి ఒకడుగు దగ్గరికొస్తాయి. అన్నిటికంటే నన్ను పట్టేసింది కింద బాయిలర్. దాని ప్రెషర్ పెరుగుతూనే ఉంటుంది, రోజూ ఎవరో ఒకరు వెళ్ళి తగ్గించాలి, ఆ తండ్రి కూడా తాగుడు మానేసి లోపల అలాగే మరుగుతూ ఉంటాడు. మా ఇంట్లో హీటర్ చప్పుడు చేసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తోంది.

నిర్వాహకుడు:
అమ్మా, కొత్త అంటున్నారు గానీ సమస్యని ప్రశ్నగా తిప్పారు చూడండి, అది చెయ్యి తిరిగినవాళ్ళు చేసే పని. "ఏ రీతి ధైర్యం ఒదవు" అనేసరికి సమస్యలోని వైరుధ్యం మొత్తం విడిపోయింది, ఇంక ఎవరూ వేలు పెట్టడానికి లేదు. మొదటి పాదంలో యతి ఒక్కటే తప్పింది, మ కి కొ కుదరదు. ఇలా అంటే సరిపోతుంది:

మంచు కురియు వేళ మలపైన హోటలు

మల అంటే కొండే. మలపైన సలము, హోటలు భగణం. ఇక రెండో పాదంలోకి నేరుగా అన్వయం కుదురుతుంది, హోటలు కావలి ఉండడానికి కాపురం వచ్చింది అని. "కాపురంబు" అన్న మాట నాకు చాలా నచ్చింది. ముగ్గురు మనుషులు వచ్చారు అనకుండా కాపురం వచ్చింది అన్నారు, ఆ నవలలో కూలిపోయేది కాపురమే. కొలరాడోలో ఒక పాత హోటల్లో 1974లో కింగ్ బస చేసినప్పుడు ఈ కథ పుట్టింది, సినిమా ఆయనకి నచ్చలేదని ఆయనే చాలాసార్లు చెప్పుకున్నారు. మీరు చెప్పిన బాయిలరే దానికి కారణమేమో అని నా ఊహ. పుస్తకం చివర్లో పేలేది అది, సినిమాలో ఆ తండ్రి మంచులో గడ్డకట్టుకుపోతాడు. వేడి మనిషి కథని చల్లగా ముగిస్తే రాసినాయనకి బాధే కదా.

చిన్నక్క:
అన్నిట్లోనూ బయటి పుస్తకాలే వస్తున్నాయి, తెలుగులో లేవా ఏంటి? మేం పెరిగింది యండమూరి తులసిదళం చదివి. వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పటి కాగితాలు మా అమ్మమ్మ బైండు చేయించి పెట్టుకుంది, పిల్లలు ముట్టుకోకూడదని అటక మీద పెట్టేది, మా పెద్దక్క నిచ్చెనేసుకుని ఎక్కి అక్కడే కూర్చుని చదివేది. ఈ సంక్రాంతికి మళ్ళీ తీసి చదివాను.

తులసి పేరు గల్గు తొలినాటి యా కథ
నటక మీద దాచి యక్క చదివె;
మనిషి పగకు వణికె; మఱి దాని కంటెను
దయ్య మున్న యింట ధైర్య మొదవు

చిన్నప్పుడు అందులోని క్షుద్రశక్తి కాష్మోరా పేరు వింటేనే దుప్పటి ముసుగేసుకునేవాళ్ళం. ఇప్పుడు నాకూ పాప ఉంది, ఇప్పుడు చదువుతుంటే కాష్మోరా కాదు భయం, పసిపిల్ల మీద ప్రయోగం చేయించడానికి మనుషులు కూర్చుని మాట్లాడుకోవడం ఉంది చూశారూ, అది చదవలేకపోయాను. అయితే ఒక మాట, చేతబడి అని నిజంగానే మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మనవైపు వింటూనే ఉన్నాం కాబట్టి ఈ పుస్తకాన్ని కథగా చదవాలి తప్ప నమ్మకంగా కాదు, మా పాపకి ఇచ్చే రోజున అది కూడా చెప్పే ఇస్తాను.

నిర్వాహకుడు:
అక్కా, అన్వయం గట్టిగా కుదిరింది. దయ్యం ఉన్న ఇంట్లో ధైర్యం ఎలా అంటే మనిషి పగ కంటే అదే నయం కాబట్టి. ఇందులో ఏమీ మార్చను. "నటక" దగ్గర కథన్ లోని ద్రుతం బాగా కలిసింది, "యక్క"లో అ కి య తో మైత్రి సరే. మీరు చివర చెప్పిన మాట అందరూ ఇంకోసారి చదవాలని నా కోరిక.

పాత చందమామ:
నేను కొత్తవేం చదవటం లేదు బాబూ, భేతాళ కథలే మళ్ళీ చదువుతున్నా. మా అవ్వ చదివి వినిపించేది. శంకర్ గారి బొమ్మ, భుజాన శవం, చేతిలో కత్తి, వెనక చెట్టు. అసలు ఇరవై అయిదు కథలే అయినా చందమామలో ఏళ్ళ తరబడి కొత్తవి అల్లుతూనే ఉన్నారు.

అవ్వ చెప్పు కథల నాలించి నిదురించి
నట్టి చిన్ననాటి నాళ్ళు తలప
భయమె చుట్టమయ్యె భద్రముగా నాకు
దయ్య మున్న యింట ధైర్య మొదవు

శ్మశానంలో శవం మోసుకుపోతూ తెలిసీ జవాబు చెప్పకపోతే తల పగులుతుంది, చెప్తే మౌనం పోయి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఆ రాజు ప్రతిసారీ వెనక్కి వెళ్ళి మళ్ళీ దించుతాడు. పట్టు వదలడు అని రోజూ అదే వాక్యం వినేవాళ్ళం, ఆ వాక్యం వినపడితే సగం నిద్ర వచ్చేసేది.

నిర్వాహకుడు:
పెద్దవారు, మీ పద్యానికి వంక పెట్టడమంటే చెయ్యి రావటం లేదు, అయినా అడిగారు కాబట్టి. "భద్రముగా" అనేది పాదం నింపడానికి వచ్చిన మాట. అసలు ధైర్యం ఎవరివల్లో ఆ అవ్వ మొదటి పాదంలో కథ చెప్పి వెళ్ళిపోయింది, దయ్యం దగ్గర మళ్ళీ కనపడాలి. ఇది చూడండి:

భయమె చుట్టమయ్యె పక్కన నవ్వుండ

భ కి ప తో యతి. పక్కన అవ్వ ఉండగా అని ఒక అర్థం, అత్వసంధి. పక్కన నవ్వు ఉండగా అని ఇంకో అర్థం.

పాత చందమామ:
మా అవ్వ నవ్వేది కూడా బాబూ. బోసినోరు. అట్లాగే ఉంచండి.

నిశిగంధ:
ఆలస్యమైంది, క్షమించండి. హిల్ హౌస్ పూర్తి చేసి రాస్తున్నా, షర్లీ జాక్సన్ 1959లో రాసిన నవల. చదవనివాళ్ళు ఉంటే ముందే చెప్తున్నా, ఇందులో ఒక ముఖ్యమైన ఘట్టం బయటపడుతుంది.

చేయి పట్టుకొంటి చీకటిలో నేను
చెలిమికత్తె దనుచు, చివర జూడ
నామె దూరముండె, నది యెవ్వరిదొ గాని
దయ్య మున్న యింట ధైర్య మొదవు

ఎలెనార్ పదకొండేళ్ళు మంచాన పడ్డ తల్లికి సేవ చేసి, ఆవిడ పోయాక తనకంటూ ఇల్లు లేక ఆ బంగళాకి వస్తుంది. రాత్రి పక్క గదిలోంచి గొంతులు వినపడుతుంటే చీకట్లో తోటి అతిథి థియో చెయ్యి అనుకుని గట్టిగా పట్టుకుంటుంది, ఎముకలు తెలిసేంత గట్టిగా. లైటు వెలిగాక చూస్తే థియో అవతలి మంచం మీద ఉంటుంది. చాలామంది ఈ నవల నెమ్మది, ఏమీ జరగదు అంటారు, నాకు ఆ మాటకి కోపమొస్తుంది. జరగాల్సింది అంతా ఆ చేతిలోనే జరిగిపోయింది.

నిర్వాహకుడు:
నేనేం దిద్దను. చే చీ, చె చి, నా న, యతులు నీళ్ళలా పోయాయి. మిగతా పూరణల్లో ధైర్యం దయ్యాన్ని ఎదిరించో పక్కనెవరో ఉండో వచ్చింది, ఇందులో దయ్యమే చెయ్యి అందించింది. ఆవిడ జీవితంలో ఎవరూ పట్టుకోని చెయ్యి ఆ ఇల్లు పట్టుకుంది. "ఎవ్వరిదొ గాని" అన్నచోట ఆగి, నాలుగో పాదం చదువుతుంటే గొంతు పట్టేసింది. సమస్య ఇచ్చినప్పుడు ఇలా వస్తుందని నేను అనుకోలేదు.

ఓరుగల్లు పోరడు:
అక్కా, గా చెయ్యి ఎవరిదో ఆఖరికి చెప్తరా?

నిశిగంధ:
చెప్పరు తమ్ముడూ.

నిర్వాహకుడు:
నేను ఇప్పుడే లేచి అలమరలోంచి తీసి ఆ పేజీ మళ్ళీ చదివాను. మా ఆవిడ పక్కన నిద్రపోతోంది, చెయ్యి పట్టుకుని, లైటు వేసి చూశాను, తనదే. కొత్త సమస్య ఆదివారం ఇస్తాను.