పోయినవాళ్ల గురించి మనలో ఉండే అపరాధ భావానికి మార్కులు వేయొచ్చా?

గట్టుమీది_పిల్లి:
దీనికోసమే 2017లో చైనా పరిశోధకులు ముఖ్యపాత్ర వహించి ఓ స్కేలు తెచ్చారు, 14 వాక్యాలు. చావుకి నేనే బాధ్యుణ్ణి, బతికుండగా నొప్పించాను, వాళ్లు పోయి నేనుండటమేంటి, ఋణం తీర్చుకోలేకపోయాను, ఇలాంటివాటికి ఎంతవరకు ఒప్పుకుంటారో అంకె వేయాలి. నాకైతే ఒళ్లు మండింది. ఏడుస్తున్న మనిషి చేతికి పరీక్ష పేపరా?

కౌన్సెలింగ్_గది:
పేపర్ వద్దంటే మేము వాడేది డిప్రెషన్ ఫారమే. పీహెచ్‌క్యూ-9 అనే ఆ ఫారంలో ఆరో ప్రశ్న చూడండి, మీ మీద మీకే చిన్నచూపుందా, ఇంట్లోవాళ్లని నిరాశపరిచానని అనిపిస్తుందా అని అన్నీ ఒకే గాటన కట్టేస్తుంది. అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ పుస్తకం, 2013 నాటి డీఎస్‌ఎం-5లోనే ఈ తేడా రాశారు: డిప్రెషన్‌లో మనిషి తనని తాను మొత్తంగా పనికిరానివాడు అనుకుంటాడు, దుఃఖంలో అయితే 'తరచూ వెళ్లి చూడలేదే, ఎంత ఇష్టమో చెప్పలేదే' అని పోయినవాళ్ల చుట్టూనే తిరుగుతాడు. ఆ తేడా తెలియకుండా మందులు రాసేస్తే?

న్యూజెర్సీ_చలి:
2021 సెకండ్ వేవ్‌లో నాన్న పోయారు, దహనం వాట్సాప్‌లో చూశాను. పదకొండో రోజు ఫోన్లో ఓ పెద్దాయన 'ఒక్కరోజు ముందు అడ్మిట్ చేయించి ఉంటేనా' అన్నాడు, అంతే, అప్పటిదాకా కాస్త కుదుటపడిన తమ్ముడు అన్నం మానేశాడు. ఆ సాయంత్రం ఫారం ఇస్తే నిండా మార్కులొచ్చేవి. అది తమ్ముడి స్కోరా, ఆ పెద్దాయన నోటి స్కోరా?

కౌన్సెలింగ్_గది:
మంచి ప్రశ్నండీ. అందుకే కర్మల రోజుల్లో కొలిచి ఏదీ తేల్చకూడదు. దీర్ఘకాల దుఃఖం అనే రుగ్మత పేరు పెట్టడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 కనీసం ఆరు నెలలు దాటాలంటుంది, అది చెప్పే లక్షణాల్లో ఈ అపరాధ భావమూ ఉంది.

గట్టుమీది_పిల్లి:
సరే, ఇంకోటి. ఛాతీ నొప్పంటే గ్యాస్ అని ఈనో కలిపిచ్చి పడుకోబెట్టినవాడు, చేయగలిగిందంతా చేసి కూడా కుమిలిపోయేవాడు, ఇద్దరికీ ఒకే మార్కు రావచ్చుగా. మొదటివాడికి 'నీ తప్పేం లేదు' అంటే నమ్ముతాడా?

కౌన్సెలింగ్_గది:
నమ్మడు, నేనూ అనను. స్కేలు కొలిచేది భావాన్ని, తప్పొప్పులు తేల్చడానికి అదేమన్నా కోర్టా? ఎక్కువ అంకె వేసిన వాక్యం దగ్గర ఆగి ఆ రాత్రి ఏం జరిగిందో, అప్పుడు తనకి ఏం తెలుసో అడుగుతాను. నిజం చెప్పాలంటే మొత్తం ఎంతొచ్చిందో చాలాసార్లు కూడను కూడా.

గట్టుమీది_పిల్లి:
కూడనప్పుడు స్కేలెందుకండీ, ప్రశ్నల చిట్టా అనండి, ఒప్పుకుంటా.