సుప్రీంకోర్టు చరిత్రపై పరిశోధన పత్రిక: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (బరంపురం): సుప్రీంకోర్టు చరిత్రపై తెలుగులో త్రైమాసిక పత్రిక తేవాలని ఇక్కడి న్యాయవాదులం కొందరం సంకల్పించాము. తొలి సంచికను 1950 జనవరి 28 నాటి ప్రారంభ సమావేశంతో మొదలుపెట్టడం సబబేనా?

జవాబు (పర్లాకిమిడి): అయ్యా, ఇంకా వెనక్కి వెళ్లండి. 1936లో ఒడిశా ఏర్పడక మునుపు మద్రాసు హైకోర్టుకు వెళ్లిన మన గంజాం దావాలు ఆపైన పట్నాకు, 1948 నుంచి కటక్‌కు మళ్లాయి. తుది అప్పీలు మాత్రం చాలాకాలం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కే, ఆ అధికారం 1949లో రద్దయ్యింది. మా తాతగారి ట్రంకుపెట్టెలో అంచులు చిట్లిన మద్రాసు తీర్పు నకలు ఒకటుంది, దాని పక్కన గుమాస్తా తెలుగులో రాసుకున్న వాయిదా తేదీలు ఇప్పటికీ చదవవచ్చు. ఇలాంటి కాగితాలే పత్రికకు ప్రాణమని నా నమ్మకం.

జవాబు (గుణుపురం): ప్రతి వ్యాసాన్నీ బయటి పండితులిద్దరు పరిశీలించాకే అచ్చు వేయండి. పత్రికలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య ఐఎస్‌ఎస్‌ఎన్‌కు రుసుము లేదు.

బరంపురం: ఆ నకలు ఫొటో దయచేసి పంపండి, తొలి వ్యాసం దానిపైనే రాస్తాము.