కాంట్రాక్టు కార్మికుల పీఎఫ్, ఈఎస్ఐ: బిల్లు పాస్ చేసే ముందు హెచ్ఆర్ ఏం చూడాలి?

మస్టర్‌రోల్:
హౌస్‌కీపింగ్, లోడింగ్, సెక్యూరిటీ అన్నీ కాంట్రాక్టు మీదే నడిచే ఫ్యాక్టరీలో కార్మికుడికి పీఎఫ్, ఈఎస్ఐ నిజంగా చేరుతున్నాయో లేదో ఎలా తేల్చుకోవాలి? బిల్లుకు చలానా కాపీ జత చేస్తే చాలదని తెలుసు. పని తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పటాన్‌చెరు_ఐఆర్:
చలానా సంగతి తర్వాత, ముందు రేటు చూడండి సార్. నెల జీతం 15,000 అనుకుందాం. యజమాని వాటా పీఎఫ్ 12 శాతం అంటే 1,800. ఈడీఎల్ఐ (పీఎఫ్‌తో పాటు ఉండే జీవిత బీమా) 75, పీఎఫ్ అడ్మిన్ చార్జీ 75, ఈఎస్ఐ 3.25 శాతం చొప్పున 488. బోనసు, సెలవు జీతం, కాంట్రాక్టరు కమీషను కలపకముందే 17,438 అయింది. ఎవరైనా 17,000కి కోట్ చేశాడంటే ఆ తేడాను కార్మికుడి దగ్గరే కోస్తాడు, వేరే దారి లేదు. ఎల్‌1, అంటే అందరికన్నా తక్కువ కోట్ చేశాడని వాడికే ఆర్డరిస్తే ఎగవేతకు మనమే సంతకం పెట్టినట్టు. జీతం, చట్టప్రకారం కట్టాల్సినవి టెండరులో మనమే వేసేసి, సర్వీస్ చార్జి మీద మాత్రమే పోటీ పెట్టాలి.

ఇంకోటి. కొందరు యజమాని వాటా కూడా జీతంలోనే కోస్తారు. కార్మికుడి వాటా పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 0.75 శాతం, అంతే. జీతం స్లిప్పు తెలుగులో ఇప్పించండి, ఈ కోత అక్కడే దొరుకుతుంది.

బిల్లుచెక్:
చలానాలో రెండు మోసాలు. ఈసీఆర్ (ఎవరికి ఎంత పీఎఫ్ అని నెలనెలా ఇచ్చే రిటర్ను) అప్‌లోడ్ చేసి, చలానా తీసి, డబ్బు కట్టకుండానే కాపీ పెట్టడం మొదటిది. చలానా మీది టీఆర్‌ఆర్‌ఎన్ నంబరును ఈపీఎఫ్‌ఓ సైటులో కొడితే కట్టారో లేదో తెలుస్తుంది. గడువు మరుసటి నెల 15.

రెండోది కొంచెం తెలివైనది: డబ్బు కడతారు, కానీ రోజులు తగ్గిస్తారు. గేటు పంచింగులో 26 రోజులుంటే ఈసీఆర్‌లో 10 రోజుల జీతం చూపించి, మిగతాది ఎన్‌సీపీ డేస్ (జీతం లేని రోజుల) కాలమ్‌లో పడేస్తారు. ఈఎస్ఐలోనూ అదే లెక్క. సిక్‌నెస్ బెనిఫిట్ రావాలంటే ఆరు నెలల కంట్రిబ్యూషన్ పీరియడ్‌లో కనీసం 78 రోజులు ఉండాలి. నెలకు 10 చొప్పున ఆరు నెలలకు 60. జబ్బుచేసి మంచాన పడ్డాక 70 శాతం వేతనం, ఏడాదికి 91 రోజుల దాకా రావాల్సింది, ఒక్క రూపాయి రాదు.

కొత్తగా_చేరా:
400 మందికి ప్రతి నెలా ఇదంతా ఎవరు చూస్తారు మేడం? బిల్లు రెండు రోజులు లేటైతే కాంట్రాక్టరు ఫోన్ల మీద ఫోన్లు.

బిల్లుచెక్:
కాగితాల మీద చూస్తే కష్టమే. ఈసీఆర్ టెక్స్ట్ ఫైల్ అడగండి, పీడీఎఫ్ వద్దు. గేటు డేటాకు యూఏఎన్ (ఒక్కో కార్మికుడికీ ఉండే పీఎఫ్ నంబరు) కాలమ్ ఒక్కసారి చేర్చుకుంటే ఎక్సెల్‌లో వీలుకప్ ఫార్ములాతో గంటలో 400 మంది రోజులూ పక్కపక్కన వస్తాయి. తేడా ఉన్న పేర్ల వరకే డబ్బు ఆపి, మిగతా బిల్లు వదిలేయండి. మొత్తం బిల్లు ఆపితే జీతాలే ఆగుతాయి, మళ్లీ నష్టపోయేది కార్మికులే. కాంట్రాక్టరు కట్టకపోతే ప్రధాన యజమానిగా మనమే కట్టి, తర్వాత అతని బిల్లులో వసూలు చేసుకోవాలి. ఈ మాట ఫైనాన్స్ వాళ్లకు చెప్పి చూడండి, వాళ్లే వెంటపడతారు.

శ్రీకాకుళం_వెల్ఫేర్:
కట్టిన డబ్బు చేతికి రాకపోవడానికి సగం కారణం పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, పాన్‌లో చివర ఉంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరమే ఉంటుంది. పెళ్లయిన ఆడవాళ్లకు ఒకచోట పుట్టింటి పేరు, ఇంకోచోట అత్తింటి పేరు. క్లెయిమ్ అక్కడే తిరిగొస్తుంది. చేరిన రోజే మూడూ పక్కన పెట్టి చూడాలి, ఎందుకంటే ఐదేళ్ల తర్వాత దిద్దాలంటే కొన్ని ఖాతాలకు పాత కాంట్రాక్టరు అప్రూవల్ అవసరం కావచ్చు, అతను అప్పటికి దుకాణం కట్టేసి ఉంటాడు.

పాత యూఏఎన్‌లలో కొన్నిటికి సూపర్‌వైజర్ మొబైల్ నంబరే ఉంటుంది. అది మార్పించండి. తర్వాత కార్మికుడే EPFOHO UAN TEL అని 7738299899కి ఎస్ఎంఎస్ పెడితే తెలుగులో వివరాలొస్తాయి.

వలస వచ్చినవాళ్లకు ఈఎస్ఐ రిజిస్ట్రేషన్‌లో కుటుంబానికి వేరే డిస్పెన్సరీ ఎంచుకునే వీలుంది. భర్త పాశమైలారంలో, భార్యాపిల్లలు పలాసలో ఉంటే అక్కడి డిస్పెన్సరీయే పెట్టాలి. చాలామంది రెండిటికీ ఒకటే కొట్టేస్తారు.

పటాన్‌చెరు_ఐఆర్:
నామినేషన్ కూడా. ఉద్యోగంలో ఉండగా కార్మికుడు చనిపోతే ఈడీఎల్ఐ కింద ఇంటివాళ్లకు గరిష్ఠంగా 7 లక్షలు వస్తాయి. నామినీ లేకపోతే అతని భార్య వారసత్వ పత్రాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి రావచ్చు.

మస్టర్‌రోల్:
కాంట్రాక్టరు మారినప్పుడు?

బిల్లుచెక్:
అసలు నష్టం అప్పుడే. మనిషి అదే గేటులో అదే పని చేస్తుంటాడు, పాత ఖాతాలో ఎగ్జిట్ తేదీ (పాత కాంట్రాక్టరు దగ్గర పని ముగిసిన తేదీ) పడదు, సర్వీసు ముక్కలవుతుంది. పెన్షన్‌కు 10 ఏళ్ల సర్వీసు కావాలి కాబట్టి ఆ ముక్కలు కలవకపోతే పెన్షనే పోతుంది. కొత్త కాంట్రాక్టరుకు పాత యూఏఎన్‌ల జాబితా మనమే ఇవ్వాలి, ట్రాన్స్‌ఫర్ పెట్టించాలి. పాత కాంట్రాక్టరు సెక్యూరిటీ డిపాజిట్ మాత్రం, చివరి మనిషికి ఎగ్జిట్ తేదీ వేసిన స్క్రీన్‌షాట్ చేతికొచ్చాకే వదలండి.