డీఎల్‌ఓపెన్ సరే, డీఎల్‌సిమ్ మాత్రం నల్ ఇస్తోంది

ప్రశ్న:
ఉబుంటు 22.04. సీ ప్రోగ్రామ్‌లో ./లిబ్‌లెక్క.ఎస్‌ఓ లైబ్రరీని డీఎల్‌ఓపెన్ (ప్రోగ్రామ్ నడుస్తుండగా లైబ్రరీని తెరిచే ఫంక్షన్) చేస్తే హ్యాండిల్ వస్తోంది. అందులోని 'లెక్క' ఫంక్షన్ అడ్రసు కోసం, పేరుతో వెతికే డీఎల్‌సిమ్‌ను పిలిస్తే నల్, అంటే ఖాళీ. తప్పేంటో చెప్పే డీఎల్‌ఎర్రర్ 'అన్‌డిఫైన్డ్ సింబల్' (ఆ పేరు లేదు) అంటోంది. లైబ్రరీ సోర్సు .సీపీపీ (సీ++ ఫైల్), జీ++ కంపైలర్‌తో కట్టాను. ఇదే కోడ్ అమీర్‌పేట ల్యాబ్‌లో 20.04 మీద లింకే కావట్లేదు, డీఎల్‌ఓపెన్‌కే అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ వస్తోంది.

జవాబు 1:
.సీపీపీ అన్నారుగా, దొంగ అక్కడే ఉన్నాడు. సీ++ కంపైలర్ ఫంక్షన్ పేరుకు ఆర్గ్యుమెంట్ల గుర్తులు చేర్చి మార్చేస్తుంది. ఎన్‌ఎమ్ -డీ (లైబ్రరీ డైనమిక్ టేబుల్‌లోని పేర్లను చూపే కమాండ్) కొట్టి చూడండి, _జెడ్5లెక్కఐ లాంటి పేరు కనిపిస్తుంది. 5 అంటే ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో అక్షరాలు, చివరి ఐ అంటే ఇంట్ ఆర్గ్యుమెంట్. డీఎల్‌సిమ్ మీరిచ్చిన స్ట్రింగ్‌నే వెతుకుతుంది, కాబట్టి దొరకదు. పేరు మార్చొద్దని చెప్పే ఎక్స్‌టర్న్ "సీ" ని డిక్లరేషన్‌కు తగిలించి మళ్లీ కట్టండి. ఆ వంకర పేరునే డీఎల్‌సిమ్‌కు ఇచ్చినా నడుస్తుంది గానీ, ఆర్గ్యుమెంట్ టైపు మార్చిన రోజే తెగుతుంది.

ల్యాబ్ సంగతి వేరు. జీలిబ్‌సీ (లినక్స్‌లో సీ ప్రామాణిక లైబ్రరీల కట్ట) 2.34 నుంచి డీఎల్‌ఓపెన్, డీఎల్‌సిమ్ అందులోని ప్రధాన లైబ్రరీ లిబ్‌సీలోనే ఉన్నాయి. 22.04లో ఉన్నది 2.35, 20.04లో 2.31. 20.04లో అవి లిబ్‌డీఎల్ అనే వేరే లైబ్రరీలో ఉంటాయి కాబట్టి, దాన్ని కలపమనే -ఎల్‌డీఎల్ ఇవ్వాలి, అదీ కమాండ్ చివర, .సీ ఫైళ్ల తర్వాత. ముందు పెడితే ఉబుంటు లింకర్ అవసరం లేదనుకుని వదిలేస్తుంది.

అడిగినవారు:
ఎక్స్‌టర్న్ పెట్టాను భయ్యా. ఇప్పుడు ఎన్‌ఎమ్ -డీ లో అసలు లేదు! -డీ తీసేస్తే చిన్న 'టీ'తో కనిపిస్తోంది. మేక్‌ఫైల్‌లో -ఎఫ్‌విజిబిలిటీ=హిడెన్ ఉంది.

జవాబు 2:
చిన్న టీ అంటే లోకల్, డీఎల్‌సిమ్ వెతికే డైనమిక్ టేబుల్‌లోకి రాదు. ఫంక్షన్లన్నిటినీ బయటికి దాచే ఆ హిడెన్ ఫ్లాగ్ మంచిదే, తీయకండి. బయటికి కావాల్సిన ఒక్క ఫంక్షన్‌కు విజిబిలిటీ("డిఫాల్ట్") ఆట్రిబ్యూట్ పెట్టండి. ఎన్‌ఎమ్ -డీ లో పెద్ద టీ రావాలి. 'యూ' కనబడితే మాత్రం, ఆ ఫంక్షన్ ఇంకో లైబ్రరీ నుంచి రావాలని అర్థం.

డీఎల్‌ఓపెన్‌కు ఆర్‌టీఎల్‌డీ_లేజీ ఇస్తుంటే ఆర్‌టీఎల్‌డీ_నౌ చేయండి. లేజీలో, తప్పిపోయిన ఫంక్షన్‌ని పిలిచేదాకా ప్రోగ్రామ్ చావదు, నౌ అయితే డీఎల్‌ఓపెన్ దగ్గరే చెప్పేస్తుంది.

జవాబు 3:
ఈ ఫంక్షన్ల డిక్లరేషన్లుండే డీఎల్‌ఎఫ్‌సీఎన్.హెచ్ ఇంక్లూడ్ చేశారా? లేకపోతే ఆర్‌టీఎల్‌డీ_నౌ లాంటి పేర్లకే ఎర్రర్ వస్తుంది; వాటి బదులు అంకె ఇస్తే మాత్రం 22.04లోని జీసీసీ (సీ కంపైలర్) వార్నింగ్‌తో వదిలేస్తుంది. డీఎల్‌ఓపెన్ ఇంట్ ఇస్తుందనుకుని 64 బిట్ల హ్యాండిల్‌లో పై 32 బిట్లు పోగొడుతుంది. నల్ కాదు కాబట్టి మీ చెక్ దాటిపోయి, డీఎల్‌సిమ్ పిలవగానే సెగ్మెంటేషన్ ఫాల్ట్ (తప్పు అడ్రసు తాకి ప్రోగ్రామ్ ఆగిపోవడం). జీసీసీ 14లో ఇది నేరుగా ఎర్రరే.