"నామూలం లిఖ్యతే కించిత్": సైటేషన్‌కు తెలుగు మాట

ప్రశ్న: పరిశోధకుల ప్రభావాన్ని లెక్కగట్టే సందర్భంలో 'సైటేషన్'కు ఉటంకింపు, ప్రస్తావన, ఉల్లేఖనం అనే మూడు మాటలూ కనిపిస్తున్నాయి. వీటిలో ఏది తగినదో పెద్దలు తెలుపగోరుతున్నాను.

జవాబు: ఉటంకింపు అనగానే పరుల మాటలను యథాతథంగా ఎత్తిరాయడమే స్ఫురిస్తుంది. పరిశోధన పత్రాల్లో చాలావరకు ఫలానా విషయానికి ఫలానా పత్రం ఆధారమని చూపి ఊరుకుంటారు. ప్రస్తావన మరీ వదులైన మాట కనుక నా మొగ్గు ఉల్లేఖనం వైపు.

మెదక్ ప్రాంతపు కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి రఘువంశ వ్యాఖ్యారంభంలో "నామూలం లిఖ్యతే కించిన్నానపేక్షితముచ్యతే" అన్నాడు. ఆధారం లేనిదేదీ రాయననీ, అక్కరలేనిదేదీ చెప్పననీ దాని భావం. ఆ నియమంతోనే పదాలకు అర్థం చెబుతూ "ఇత్యమరః" (అని అమరుడు, అంటే అమరకోశం అనే నిఘంటువు రాసిన అమరసింహుడు అన్నాడు) అని ఆకరం చూపుతూ పోయాడు. ఇంతకన్నా చక్కని ఉల్లేఖనం ఏముంటుంది?

అయితే 2005లో భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ ముందు అమరసింహుడు నిలవలేడు. ఒక పరిశోధకుడి పత్రాల్లో, కనీసం 20 సార్లు చొప్పున ఇతర పత్రాలు పేర్కొన్నవి 20 ఉంటేనే ఆ సూచిక 20 అవుతుంది. మనకు దక్కిన అమరుని గ్రంథం ఒక్కటే కాబట్టి, తరతరాల వ్యాఖ్యాతలు ఎన్నిసార్లు తలచుకున్నా ఆయన సూచిక 1 దాటదు!

పూర్వపక్షంగా పేర్కొని ఖండించినా ఆ లెక్కలో ఉల్లేఖనమే. మరీ ప్రసిద్ధమైనదానికి అసలు ఉల్లేఖనమే కరవవుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావుగారు 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో ప్రకటించిన గణాంకశాస్త్ర ఫలితాన్ని నేడు 'క్రామెర్-రావు' అని పేరు చెప్పి వాడుకునే వారిలో, ఆ పత్రాన్ని ఆధారంగా చూపనివారు ఎందరో ఉంటారు. ఇలా జ్ఞానంలో కలిసిపోయి మూలం మరుగున పడడాన్ని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ప్రత్యేకంగా గుర్తించి పేరు పెట్టాడు.

కనుక 'సైటేషన్ మెట్రిక్స్'ను 'ఉల్లేఖన సూచికలు' అనండి. 'ప్రభావ సూచికలు' అంటే అవి కొలవనిదాన్ని కొలుస్తున్నాయని ఒప్పుకున్నట్లవుతుంది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. మరి 'ఇంపాక్ట్ ఫాక్టర్' మాటేమిటి?

జవాబు: అది పత్రికకు చెందిన లెక్క. గత రెండేళ్లలో ఆ పత్రిక వేసిన వ్యాసాలకు ఈ ఏడాది సగటున ఎన్ని ఉల్లేఖనాలు వచ్చాయో చెబుతుంది. 'పత్రిక ఉల్లేఖన సగటు' అంటే, దాన్ని వ్యక్తికి అంటగట్టే పొరపాటు కూడా తగ్గుతుంది.