సొంత పాటలతో పాప్ సింగర్ కావాలంటే: తిరుపతిలో ఉండి మొదటి పాట ఎలా?

స్వర్ణముఖి_ఒడ్డు: అమ్మాయికి 19 ఏళ్లు, కర్ణాటక సంగీతం నాలుగేళ్లు నేర్చుకుంది. సినిమా ఛాన్సుల కోసం కాచుకోకుండా సొంత పాటలతో పాప్ సింగర్‌గా నిలబడాలని పట్టుదల. మొదటిది అన్నమయ్య కీర్తనకు బీట్ కట్టి వదలాలనుకుంటోంది. ఇల్లు తిరుపతిలోనే. ఏమేం చూసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

రాగిరేకు: ముందు ఆ కీర్తన సంగతి తేల్చుకోండి. అన్నమయ్య (1408–1503) సాహిత్యం మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. చిక్కంతా వరసతోనే. ఆయన కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద రాగం పేరు ఉంది గానీ స్వరాల రాత లేదు. ఇవాళ మనం వింటున్న వరసల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటి పెద్దలు కట్టినవి. మన చట్టం ప్రకారం స్వరకర్త పోయాక కూడా 60 ఏళ్లు హక్కు నడుస్తుంది. రాళ్లపల్లి వారు 1979లో పోయారు కాబట్టి ఆయన వరసలకు 2039 చివరిదాకా ఉన్నట్టే. "అయిదొందల ఏళ్ల నాటి పాటే కదా" అని అదే వరస పాడి పెడితే యూట్యూబ్‌లో క్లెయిమ్ (ఇది మా హక్కు అనే ఫిర్యాదు) పడొచ్చు, వచ్చే డబ్బు హక్కుదారులకు పోతుంది.

కవర్ వెర్షన్ కింద చేసేస్తామని కొందరు అంటారు. కాపీరైట్ చట్టం సెక్షన్ 31సీ చదవండి. మొదటి రికార్డు వచ్చిన సంవత్సరం ముగిశాక అయిదేళ్లు దాటాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, ఏడాదికి కనీసం 50,000 ప్రతుల లెక్కన రాయల్టీ కట్టాలి. పైగా వరసను ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. బీట్ కట్టడమంటే మార్చడమే, కాబట్టి ఆ దారి మీకు పనికిరాదు.

రెండే దారులు. ఆ వరసే కావాలంటే హక్కుదారు నుంచి రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకోవాలి. లేదంటే ఎక్కువగా పాడని కీర్తన ఒకటి తీసుకుని ఆ అమ్మాయే కొత్త వరస కట్టుకోవాలి. నాలుగేళ్లు నేర్చుకున్న పిల్లకు రెండోదే మేలు. వరస ఆమెదే అవుతుంది.

ఐదున్నర_శ్రుతి: కీ (పాట పాడే శ్రుతి) గురించి నేను చెప్తాను. కర్ణాటక సంగీతం నేర్చిన అమ్మాయిలు ఐదు, ఐదున్నర శ్రుతికి అలవాటు పడి ఉంటారు, ట్రాక్ తయారుచేసే ప్రొడ్యూసర్‌కు కూడా అదే చెప్తారు. పాప్‌లో ఆ లెక్క కుదరదు. హుక్ లైన్‌లో (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే లైను) అన్నిటికంటే పై స్వరం ఏదో చూడండి. ఆ లైను నిలబడి, పూర్తి గొంతుతో, వరసగా మూడుసార్లు పాడాలి. మూడోసారి మెడ నరాలు బిగిసినా, గడ్డం పైకి లేచినా అర శ్రుతి దించండి, అవసరమైతే ఒక శ్రుతి. ట్రాక్ మొదలుపెట్టకముందే ఇది తేలాలి. ఆడియో అంతా అయ్యాక రెండు సెమీటోన్లు (అంటే ఒక శ్రుతి) దించితే డ్రమ్స్, గిటార్ నీళ్లలో నానినట్టు వినిపిస్తాయి.

ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. స్వరాలను సరిచేసే ఆటోట్యూన్ సాఫ్ట్‌వేర్‌లో రీట్యూన్ స్పీడ్ (సరిచేసే వేగం) బాగా వేగంగా పెడితే గమకం (స్వరాన్ని ఊపే తీరు) మెట్లుమెట్లుగా విరిగిపోతుంది. గాంధారం మీద ఊపు మొత్తం చచ్చి, చదునైన స్వరం మిగులుతుంది. మన పిల్లల గొంతులో ఉన్న అందమే అది! గమకం ఉన్న చోట్లను వదిలేసి, నిలకడ స్వరాలు మాత్రమే చేత్తో సరిచెయ్యమని ప్రొడ్యూసర్‌కు ముందే రాసి పంపండి.

గొంతు బొంగురుపోతే గుసగుసగా మాట్లాడడం మంచిది కాదు, దాంతో ఒత్తిడి తగ్గదు. గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి బుడగలు వచ్చేలా అయిదు నిమిషాలు స్వరం ఊదితే హాయిగా ఉంటుంది. రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర స్వరతంత్రులు చూపించాలి. ఆ వ్యవధిలో ప్రోగ్రాం ఒప్పుకోవద్దు.

సంగటి_ముద్ద: రికార్డింగ్‌కి ప్రతిసారీ చెన్నై పోవాల్సిన పని లేదప్పా. డెమో, హార్మొనీలు ఇంట్లోనే అయిపోతాయి. ఖరీదైన కండెన్సర్ మైకు కొనేసి తప్పు చేస్తారు. అది పక్కింటి మిక్సీని కూడా పట్టేస్తాది. మామూలు గదికి ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకు, రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె), చెవులు మూసే వైరు హెడ్‌ఫోన్ చాలు. బ్లూటూత్ వద్దేవద్దు, శబ్దం ఆలస్యంగా వస్తాది, పిల్ల తాళం తప్పుతాది.

బట్టల బీరువా తలుపులు తెరిచి దానికి ఎదురుగా మైకు, పాడే మనిషి వీపు వెనక రెండు బొంతలు. గోడ నుంచి తిరిగొచ్చే శబ్దం నేరుగా మైకులో పడేది వీపు వెనక నుంచే. నోటికీ మైకుకీ జానెడు దూరం. గట్టిగా పాడే చోట మీటర్ మైనస్ 10 డీబీ దగ్గర ఆగాల. రికార్డింగ్ సెట్టింగు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకు పోగేసుకునే శబ్దం కొలత) పాడేటప్పుడు 128, మిక్స్ అప్పుడు 512.

"ఊఁ" అని సన్నటి హోరు వస్తా ఉంటే మైకుని తిట్టకండి. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లల్లో లాప్‌టాప్ ఛార్జర్ వల్లే జాస్తిగా వస్తాది. ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద చేయండి. ఫ్యాన్ ఆపాల్సిందే. మే నెలలో మనూళ్లో పదిహేను నిమిషాలకు మించి గదిలో నిలవలేరు, కాబట్టి రాత్రి పదకొండు దాటాక పెట్టుకోండి.

ఫైలు పంపేటప్పుడు ట్రాకులన్నీ సున్నా నుంచే మొదలవ్వాల, రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) లేకుండా, వేవ్ ఫార్మాట్‌లో, పేరులో బీపీఎం (నిమిషానికి ఎన్ని బీట్లో) రాసి.

కోర్టు_వీధి: గొంతు ఎంత బాగున్నా కాగితం లేకపోతే కెరీర్ నిలవదు, గట్టిగా చెప్తున్నా. పాడినంత మాత్రాన పాట మీద కాపీరైట్ రాదు. పాడినవారికి ఉండేది ప్రదర్శకుల హక్కు. 2012 సవరణతో దానికి రాయల్టీ వచ్చింది, దాన్ని వసూలు చేసే గాయకుల సంఘం 2013లో ఇస్రా పేరుతో పుట్టింది, ఇప్పుడు దాని పేరు ఇసామ్రా. మాటలు రాసినవారికి, వరస కట్టినవారికి వేరే సంఘం, ఐపీఆర్‌ఎస్. అందుకే అమ్మాయి మాటల్లోనో వరసలోనో వాటా ఉంచుకోవాలి. మాటలెవరివి, వరస ఎవరిది, ట్రాక్ ఎవరిది, మాస్టర్ రికార్డింగ్ (పాట తుది రికార్డు) ఎవరి పేరున ఉంటుంది, ఎవరికెంత శాతం. ఒక్క పేజీ రాసి అందరూ సంతకాలు పెట్టాలి, అదీ పాట విడుదలకు ముందే.

లేబుల్ (మ్యూజిక్ కంపెనీ) ఒప్పందం వస్తే ముందు కాలపరిమితి చూడండి. హక్కు రాసిచ్చే కాలం రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం. అది తెలిసే "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని రాస్తారు. ఆ రెండు మాటల మీదే బేరం ఆడాలి.

తోతాపురి: యూట్యూబ్‌లో దొరికే బీట్ కొంటే పర్లేదా? రెండు వేలకే వస్తున్నాయి.

కోర్టు_వీధి: ఆ ధరకు వచ్చేది లీజే. అదే బీట్ వేరేవాళ్లకూ అమ్ముతారు. ఆ పాటకు కంటెంట్ ఐడీ (పాటను యూట్యూబ్ తనంతట తానే గుర్తుపట్టి క్లెయిమ్ వేసే ఏర్పాటు) పెట్టకూడదు. పెడితే అదే బీట్ వాడిన ఇంకో సింగర్ మీద క్లెయిమ్ పడుతుంది, లేదా వాళ్లది మీ మీద పడుతుంది. డెమోకి వాడండి, విడుదలకు వద్దు.

మెట్ల_దారి: విడుదలకు నాలుగు వారాల ముందే డిస్ట్రిబ్యూటర్‌కు (పాటను యాప్‌లకు చేర్చే సంస్థ) ఎక్కించండి. స్పాటిఫై ప్లేలిస్టుల ఎడిటర్లకు పాట పంపాలంటే విడుదలకు కనీసం ఏడు రోజుల ముందు పంపడం మేలు, విడుదలయ్యాక ఆ పాటకు అవకాశం లేదు. కవర్ బొమ్మ 3000 × 3000 పిక్సెళ్లు. భాష గడిలో తెలుగు అనే ఉండాలి. పేరు స్పెల్లింగ్ ఒకసారి ఖాయం చేసుకుంటే మళ్లీ మార్చొద్దు, మారిస్తే వేరే ప్రొఫైల్ పుడుతుంది. ఐఎస్‌ఆర్‌సీ అనే, రికార్డింగ్‌ను గుర్తించే 12 అక్షరాల కోడ్ రాసి దాచుకోండి. డిస్ట్రిబ్యూటర్ మారినా అదే కోడ్ ఇవ్వాలి, లేకపోతే పాత ప్లేల లెక్క పోతుంది.

"లక్ష ప్లేలు ఇప్పిస్తాం" అనేవాళ్లకు రూపాయి ఇవ్వొద్దు. దొంగ ప్లేలు తేలితే పాటే తీసేస్తారు. స్పాటిఫైలో గడిచిన 12 నెలల్లో 1,000 ప్లేలు దాటని పాటకు డబ్బు లెక్కే కట్టరు, యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బుకు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ (లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూలు) కావాలి. మొదటి ఏడాది రాబడి స్టేజీ నుంచే అనుకోండి.

సంగటి_ముద్ద: స్టేజీ అంటే కాలేజీ ఫెస్టులు, పెళ్లిళ్లు, జాతరలు. సగం అడ్వాన్సు, తోడొచ్చే మనిషికి కూడా ప్రయాణం ఖర్చు, బట్టలు మార్చుకోను గడియ ఉన్న గది. ఈ మూడూ ఫోన్లో కాదు, మెసేజ్‌లో రాయించుకోండి. ట్రాకులు రెండు పెన్‌డ్రైవుల్లో. మానిటర్ స్పీకర్ మైకు వీపు వైపు ఉండాల, మైకు తలకాయని చేత్తో మూసి పట్టుకుంటే కుయ్యోమంటాది. ఆరుబయట రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్ ఆపాల్సిందే. తొమ్మిదిన్నరకు స్టేజీ ఎక్కిస్తామంటే ముందే కాదనండి.

స్వర్ణముఖి_ఒడ్డు: అందరికీ దండాలు. వరస కొత్తగా కట్టుకుంటానంది. రేకు మీద రాసిన రాగంలోనే కట్టాలా?

రాగిరేకు: చట్టం అడగదు. కట్టగలిగితే ఆ రాగంలోనే కట్టమనండి, పాటకు వేరు ఉంటుంది. ఏదైనా సరే, రచన దగ్గర తాళ్లపాక అన్నమాచార్య, స్వరం దగ్గర ఆమె పేరు, కింద వివరణలో రేకు సంఖ్య, కీర్తన సంఖ్య. తిరుమల తిరుపతి దేవస్థానం వేసిన కీర్తనల సంపుటాల్లో రెండూ ఉంటాయి.