అప్‌డేట్: పీకాన్ పై కుదిరింది

క్రిస్మస్‌కి ఇక్కడ అమెరికాలోని జార్జియాలో పక్కింటివాళ్లు భోజనానికి పిలిచారు, పీకాన్ పై (pecan pie: పిండి గిన్నెలో పాకం, అక్రోట్ల లాంటి పీకాన్ గింజలు వేసి ఓవెన్లో కాల్చే తీపి వంటకం) చేసి తీసుకెళ్దామనుకుంటున్నా, మధ్యలో జారిపోకుండా ఎలా చేయాలి అని అడిగాను కదా. కుదిరిందండీ!

గడియారాన్ని కాకుండా థర్మామీటర్‌ని నమ్మమన్న సలహాయే పనిచేసింది. కొలతలు మామూలువే: కప్పు కార్న్ సిరప్, కప్పు పంచదార, 3 గుడ్లు, 2 టేబుల్ స్పూన్ల వెన్న, కాస్త వెనీలా, ఒకటిన్నర కప్పు పీకాన్లు. 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పెట్టి, గంట దాటాక గుచ్చి చూస్తే మధ్యలో 200 వచ్చింది. అప్పటికీ కదిపితే నడుమ కొద్దిగా వణుకుతూనే ఉంది. చల్లారేకొద్దీ బిగుసుకుంటుందన్నారుగా, అలాగే దించేశా. అంచులు మాడకుండా ముందే ఫాయిల్ చుట్టా. ఇంట్లోవాళ్లు ఎంత గొణిగినా పూర్తిగా చల్లారేదాకా చాకు ముట్టనివ్వలేదు. కోస్తే ముక్క నిలబడింది! పైన పీకాన్లు కరకరలాడుతూ, కింద పాకం మెత్తగా. తీపి మాత్రం మన నాలుక్కి కూడా ఎక్కువే, చిటికెడు ఉప్పు వేయాల్సిందే.

వాళ్లింట్లో కార్న్‌బ్రెడ్ డ్రెస్సింగ్ (మొక్కజొన్న రొట్టెను చిదిమి మళ్లీ ఓవెన్లో కాల్చేది), కొలార్డ్ ఆకుకూర, చిలగడదుంప క్యాసరోల్ (ఇదీ ఓవెన్లో కాల్చేదే) అన్నీ బాగున్నాయి. క్యాసరోల్ మీద మార్ష్‌మెల్లోలు (దూదిలాంటి చక్కెర మిఠాయిలు) ఎందుకో నాకు అర్థం కాలేదు.

జనవరి 1న అదృష్టం కోసం ఇక్కడ బొబ్బర్లూ అన్నమూ కలిపి హాపిన్ జాన్ వండుకుంటారు. అందులో మామూలుగా వేసే పంది మాంసం బదులు పొగబెట్టిన టర్కీ కోడి మాంసం వేసుకోవచ్చని పక్కింటావిడ చెప్పింది. చేసినవాళ్లెవరైనా ఉంటే, బియ్యం బొబ్బర్లతోనే ఉడికించాలా, విడిగా వండి కలపాలా?